మంచినీటి టేకు చేపకు ఎట్టి ఇసుక పరచవలెను?

గత వర్షాకాలమున గోదావరి కాలువ గట్టుననున్న ఒక గ్రామమునకు మేము పోయియుంటిమి. పంచాయతి సమావేశము ముగిసిన పిమ్మట ఒక సభ్యులు మమ్ము తమ యింటికి తోడ్కొని పోయి, కుమారుడు ముచ్చటపడి పట్టణమునుండి తెచ్చుకొనిన గాజు తొట్టిని చూపిరి. తొట్టిలో విస్తరాకంత గుండ్రని చేప యొకటి అడుగున పరచుకొని యుండెను. గోధుమరంగు వీపుపై నారింజరంగు చుక్కలు, వెనుక సన్నని తోక. అది దక్షిణ అమెరికా నదులలో పుట్టి పెరుగు మంచినీటి టేకు చేప.

"అయ్యా, నీరు మంచిదే, మేత మంచిదే. పదిరోజులుగా ఇది తిండి ముట్టుట లేదు. లోపమెక్కడనో చూచి చెప్పుడు" అని వారు మమ్మడిగిరి. ఇంతలో చేప లేచి గాజు గోడను పట్టుకొని పైకి ప్రాకినది. అప్పుడు దాని అడుగుభాగము మాకు కనబడినది. తెల్లగా నుండవలసిన పొట్టమీద ఎఱ్ఱని గీతలు, నోటి చుట్టును ఒరిపిడి. తొట్టి అడుగున పరచినది వసారా కట్టగా మిగిలిన రోబో ఇసుక. చూపునకు శుభ్రముగా నున్నదని కుఱ్ఱవాడు దానినే కడిగి పోసినాడట. మేము వెంటనే తీయించితిమి గాని, అప్పటికే ఆలస్యమైనది. వారము తిరుగకముందే చేప చనిపోయినదని వర్తమానము వచ్చినది.

ఈ వ్యాసము వ్రాయుటకు కారణమిదియే. రంగుచేపల పెంపకము నేడు పట్టణములకే పరిమితమై లేదు. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటిలో అలంకరణ చేపలను పెంచుకొను చిన్న యూనిట్లకును స్థానము కల్పింపబడినది. పల్లె యువకులు ఈ పనికి పూనుకొనుచున్నారు. కొన్ని పాఠశాలలలో గాజు తొట్లు వెలసినవి. పెంపకమునకు కావలసిన ఇసుక మన వాగులది, నీరు పంచాయతి కుళాయిది, పెంపకమున విసిగినవాడు చేపను వదలునది ఊరి చెరువులోనికి. ఈ మూడింటి విషయమునను గ్రామస్థులు ముందుగా వచ్చి యడుగునది మిమ్మునే గావున, మీకీ సంగతి కొంత తెలిసియుండుట మంచిది.

మన తీరమున జాలరుల వలలలో పడు టేకు చేపను మీలో పెక్కురు చూచియుందురు. అవి సముద్రపు చేపలు. అమెజాన్, ఒరినోకో, పరానా మొదలగు దక్షిణ అమెరికా నదులలో వాటి దూరపు బంధువులు కలవు. వాటి పూర్వులు కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రమునుండి వచ్చి, క్రమముగా మంచినీటికే కట్టువడిపోయినవి. సముద్రపు టేకు తన రక్తమున యూరియాను నిలువయుంచుకొని ఉప్పునీటికి తట్టుకొనును. నదిలోని టేకులు ఆ శక్తిని కోల్పోయినవి. ఇక తిరిగి సముద్రమునకు పోలేవు. గాజు తొట్లలో సాధారణముగా కనబడునది పొటామోట్రైగాన్ మోటోరో అను జాతి. షింగూ నదిలోని నల్లని టేకు, తెల్లని చుక్కలతో, మిక్కిలి వెలగలది; బెల్జియము మాజీ రాజైన మూడవ లియోపోల్డు పేరు దానికి పెట్టిరి.

ఈ చేప శరీర నిర్మాణమును ఒకసారి గమనించినచో ఇసుక ఎందుకంత ముఖ్యమో తెలియును. కన్నులు పైన, నోరు, ముక్కు, మొప్పల చీలికలు అడుగున. కన్నుల వెనుకనే రెండు రంధ్రములు కలవు. ఇసుకలో పూడుకొని యున్నపుడు చేప ఆ రంధ్రములగుండా నీటిని లోనికి తీసికొని, మొప్పలగుండా అడుగునుండి విడుచును. కావున ఒడలంతయు ఇసుకలో దాగియున్నను, కన్నులు, ఆ రంధ్రములు మాత్రము పైకి తేలియుండి, ఊపిరి యాడుచుండును. వీపుమీద చర్మము గరుకు. పొట్టమీద అట్టి రక్షణ లేదు. అది పసిబిడ్డ చెక్కిలివలె మెత్తన. ఈ మెత్తని పొట్టతోనే అది రేయింబవళ్లు నేలను తాకుచుండును.

మేత వెదకుట కూడ ఇసుకలోనే. పురుగులు, చిన్న రొయ్యలు, నత్తలు, నీటిపురుగుల పిల్లలు దాని ఆహారము. నోటితో నీటిని చిమ్మి ఇసుకను లేపి, క్రిందనున్న దానిని పట్టుకొనును. మన పశువులవలె దవడలు ప్రక్కలకు త్రిప్పుచు నమలుననికూడ 2016లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తెలిపినది. చేపలు నమలుట అరుదైన విషయము. ఇట్లు నోటిలోనికి పోయిన ఇసుక మెత్తనిదైనచో మొప్పల చీలికలగుండా వెలికి వచ్చివేయును. గులకరాళ్లయినచో గొంతున గాని ప్రేగున గాని చిక్కుకొనును.

ఇక ఎట్టి ఇసుక కావలెను? ఈ ప్రశ్నకు సమాధానము గ్రామములో తాపీమేస్త్రి నడిగినచో మోసపోవుదురు. మేస్త్రి మంచివాడు కాడని మా భావము కాదు. అతనికి కావలసిన ఇసుక వేరు. కాంక్రీటుకు రేకులవలె కోణములు కల గరుకు ఇసుక మంచిది. సిమెంటు దానిని గట్టిగా పట్టుకొనును. గుండ్రని రేణువులు అంత పట్టు నీయవు. చేపకు దీనికి పూర్తిగా విరుద్ధము. మేస్త్రి "ఇది జారుడు ఇసుక, పనికిరాదు" అని త్రోసివేసినది చేపకు ఒకవేళ శ్రేష్ఠమైనది కావచ్చును. అతడు మెచ్చుకొను రోబో ఇసుక క్రషరులో రాతిని పగులగొట్టగా వచ్చినది; దాని ప్రతి రేణువును ఒక చిన్న గాజుపెంకు. అది చేపలకు ఎంతమాత్రము తగదు.

కావలసిన ఇసుక బొంబాయి రవ్వకంటె ముతకగా నుండరాదు. రేణువు అర మిల్లీమీటరుకు అటునిటుగా నుండవలెను. మైదాపిండివలె మెత్తని దుమ్ము కూడ కూడదు. అది నీటిని కలచి, మొప్పలలో చేరును. రేణువులు గుండ్రముగా నుండవలెను. రాయి పలుగురాయి జాతిదై యుండవలెను, ఏలయన అది నీటిలో కరుగదు, నీటి గుణమును మార్చదు.

ఇన్ని సంగతులు కంటితో ఎట్లు తెలియును? గ్రామమున దొరకు వస్తువులతోనే కొన్ని పరీక్షలు చేయవచ్చును.

మొదటిది, చర్మపు పరీక్ష. తడి ఇసుకను గుప్పెడు తీసికొని ముంజేతి లోపలివైపు, అనగా మెత్తని చర్మముమీద, మెల్లగా రుద్దవలెను. చురుకు పుట్టినను, సన్నని గీతలు పడినను ఆ ఇసుక వద్దు. అరచేతిమీద పరీక్షింపరాదు. రైతు అరచేయి కాయలు కాచియుండును, దానికేమి తెలియును? కొందఱు గాజుపెంకుమీద ఇసుకను రుద్ది, గీత పడినచో గరుకనియు, పడనిచో మెత్తనిదనియు నిర్ణయింతురు. ఇది పొరబాటు. పలుగురాయి గాజుకంటె గట్టిది. ఎంత గుండ్రని పలుగురాతి ఇసుకయైనను గాజును గీయును. గాజు గీయబడుట రాతి గట్టిదనమును తెలుపును గాని, అంచుల వాడిని కాదు. తొట్టి గోడలు తుడుచునపుడు గుడ్డకు ఇసుక అంటుకొని యుండరాదనుటకు మాత్రము ఈ సంగతి పనికివచ్చును.

ఇంకను నమ్మకము కావలెననినచో పాఠశాలలోని భూతద్దమును అడిగి తెచ్చి, నల్లని గుడ్డమీద చిటికెడు ఇసుక చల్లి చూడవలెను. నదిలో చాలదూరము దొర్లివచ్చిన రేణువుల అంచులు నునుపుదేరి, కొన్ని చిన్న బఠానీలవలె కనబడును. పగిలిన రేణువులు పెంకులవలె మెఱయును.

రెండవది సున్నపు పరీక్ష. ఆరబెట్టిన ఇసుకను గాజు గ్లాసులో కొంచెము పోసి, నిమ్మరసము గాని, బజారులో దొరకు వెనిగర్ గాని పోయవలెను. బుడగలు లేచినచో అందులో నత్తగుల్ల గాని సున్నపురాయి గాని కలిసియున్నదని అర్థము. చెవి దగ్గరకు తెచ్చి వినినచో సన్నని బుసబుస శబ్దముకూడ తెలియును. అట్టి ఇసుక నీటిలో మెల్లగా కరగి, కాఠిన్యమును, క్షారగుణమును పెంచును. అమెజాన్ ప్రాంతపు నీరు పెక్కుచోట్ల మిక్కిలి తేటది, కొంత పులుపు గుణము కలది. రియో నీగ్రో తీరపు తెల్లని ఇసుక మేటలలో సున్నము దాదాపు లేదు. అందు పెరిగిన చేపకు సున్నపు నీరు సరిపడదు.

మూడవది సీసా పరీక్ష. వెడల్పు మూతి సీసాలో పావువంతు ఇసుక, ముప్పాతిక నీరు పోసి గట్టిగా కుదిపి, కదలింపక ఉంచవలెను. మంచి ఇసుక నిమిషములోపుననే అడుగునకు దిగిపోవును. గంట గడచినను నీరు పాలవలె నున్నచో, ఇసుకపై బురదపొర ఏర్పడినచో, ఒండ్రుమట్టి ఎక్కువగా నున్నదని తెలియవలెను. ఇది అంత దోషము కాదు. ఎక్కువ మార్లు కడిగినచో పోవును.

మన ప్రాంతమున ఎచ్చటి ఇసుక తగును? గోదావరి, కృష్ణ, పెన్న, తుంగభద్రల మెత్తని ఇసుకమేటలలో జల్లించి తీసినది సాధారణముగా పనికివచ్చును. వాగులలోని ఇసుక ఎక్కువ దూరము దొర్లినది కాదు గావున ముతకగాను గరుకుగాను నుండవచ్చును, పరీక్షించియే తీసికొనవలెను. సముద్రపుటిసుక వద్దు. దానిలో ఉప్పును, గుల్లముక్కలును ఉండును. భీమునిపట్నము వైపు తీరములలో ఇల్మనైటు, గార్నెటు మొదలగు ఖనిజముల రేణువులు కలిసిన ముదురురంగు ఇసుక కలదు. చూపునకు అందముగా నున్నను చేపల తొట్టికి దానిని తేరాదు. ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక నదినుండి వచ్చినదైనను అనుమానింపవలసినదే, ఏలయన సిమెంటు, సున్నము, రంగులు అందు కలిసియుండును. చాకిరేవు దగ్గరి ఇసుక, పురుగుమందు డబ్బాలు కడుగు గట్టు దగ్గరి ఇసుక ముట్టనేరాదు. నదిలోని ఇసుక తీయుట 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టమునకు లోబడినది. ఒక తొట్టికొఱకేగదా యని ఎవరును తమంతట తాము బండి తోలుకొని పోరాదు. ఈ విషయమున సభ్యులే ముందుగా నియమమును పాటింపవలెను.

ఎంత ఇసుక కావలెనో లెక్క కట్టుదము. పెద్ద టేకు చేప పళ్లెము అడ్డముగా అర మీటరుకు మించి పెరుగగలదు. దానికి రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు తొట్టియైనను కావలెను. ఎత్తు ముఖ్యము కాదు, నేల ముఖ్యము. అట్టి తొట్టిలో మూడు సెంటీమీటర్ల మందమున ఇసుక పరచుటకు అరువది లీటర్లు, అనగా రమారమి 90 నుండి 100 కిలోలు చాలును. రెండు సిమెంటు బస్తాల బరువు. చేప సుఖముగా పూడుకొనునని పది, పదిహేను సెంటీమీటర్ల మందము పోయువారు కలరు. అది హాని. లోపలి పొరలకు గాలి అందక, కుళ్లిన గ్రుడ్డు వాసనగల విషవాయువు పుట్టి, ఇసుక నల్లబడును. పలుచని పొర చాలును. వారమునకొకసారి కఱ్ఱతో మెల్లగా కదలించుచుండవలెను.

కడుగుట సహనముతో చేయవలసిన పని. బకెట్టులో మూడవవంతు ఇసుక వేసి, నీరు పోసి, చేతితో కలియబెట్టి, మురికి నీటిని పారబోయవలెను. పదిమార్లు, ఇరువదిమార్లు, నీరు తేటపడువరకును. పిమ్మట మరుగునీరు పోసి, రెండుమూడు దినములు మంచి యెండలో పలుచగా ఆరబోయవలెను. సబ్బు, సోడా వాడరాదు. తొట్టిలో ఇసుక వేసిన తరువాత నీటిని ఒక పళ్లెముమీద పడునట్లు మెల్లగా పోసినచో కలకబారదు.

నీటి సంగతి ఒక్కమాటలో చెప్పుదుము. పంచాయతి నీటిలో బ్లీచింగు పొడి కలుపుట ప్రజారోగ్యమునకు అవసరము. అందు మార్పు చేయరాదు. కాని అందలి క్లోరిను చేపల మొప్పలను కాల్చును. నీటిని వెడల్పైన పాత్రలలో ఒక దినము ఎండలో నిలువయుంచి వాడుకొనవలెను. మీ గ్రామమున బ్లీచింగు వేయు దినమేదో పెంపకదారునకు ముందుగా తెలిపినచో ఎంతో ఉపకారము చేసినవారగుదురు.

ఈ చేప తోకమీద ఱంపపు పండ్లవంటి ముల్లు కలదు, దానిచుట్టును విషము. ఇది వెంటాడి పొడుచు చేప కాదు. త్రొక్కినపుడు, చేతితో ఒత్తినపుడు తోకను ఎగురవైచి పొడుచును. ఇసుకలో దాగియుండుటయే ప్రమాదమునకు మూలము. తొట్టి శుభ్రము చేయునపుడు చేప ఎచ్చటనున్నదో చూడకుండ చేయి పెట్టరాదు. మొదట పలకతో చేపను ఒక మూలకు అడ్డగించి, పిమ్మట మిగిలిన భాగమున పని చేసికొనవలెను. వలతో పట్టరాదు, ముల్లు వలలో చిక్కుకొనును. ప్లాస్టిక్ తొట్టిలోనికి నీటితోసహా మరలించి ఎత్తవలెను. పాఠశాలలో టేకు చేప నుంచుట మాకు సమ్మతము కాదు. పిల్లలకు బంగారుచేపలు చాలును.

ఒకవేళ పొడిచినచో గాయమును కడిగి, ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో, 45 డిగ్రీలకు మించకుండ, అరగంటనుండి గంటన్నరవరకు ముంచి యుంచవలెను. వేడికి విషము శక్తి తగ్గి నొప్పి శాంతించును. వేడిని పరీక్షించునది గాయపడనివారి చేయి కావలెను. నొప్పితోనున్నవానికి చర్మము కాలుట తెలియదు. పిమ్మట తప్పక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ముల్లు ముక్క లోపల విరిగియుండవచ్చును, ధనుర్వాతపు సూది కూడ అవసరము కావచ్చును. పసుపు, సున్నము పట్టించి ఇంట కూర్చుండరాదు.

కొనుటకు ముందే తెలిసికొనవలసినది మఱొకటి కలదు. వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారమును నియంత్రించు ఒప్పందమున, 2022లో పనామాలో జరిగిన మహాసభ ఏడు జాతుల నదీ టేకులను రెండవ అనుబంధమున చేర్చినది. షింగూ నల్ల టేకు వాటిలో నొకటి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో చేసిన సవరణ ననుసరించి, అట్టి పట్టికలలోని విదేశీ జీవులను ఇంట నుంచుకొనువారు ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేసికొనవలెను. ఇందులకు 2024లో నియమములు వెలువడినవి. అమ్మినవాని రసీదును జాగ్రత్తపెట్టుకొని, అటవీశాఖవారిని అడిగి తెలిసికొనవలెను. రసీదు నీయనివానియొద్ద కొనకుండుట మేలు.

ఇక చెరువు. చేప పెరిగి తొట్టి చాలకపోయినపుడు, జాలిపడి ఊరి చెరువులోనో కాలువలోనో విడిచిపెట్టుదమని తలంచువారుందురు. ఇందలి నష్టము దక్షిణ అమెరికాలోనే కనబడినది. పరానా నదిమీద సేతె కేదాస్ అను గొప్ప జలపాతము ఉండెడిది. దిగువ నదిలోని టేకు చేపలు దానిని దాటి పైకి పోలేకుండెను. 1982లో ఇటైపూ జలాశయము నిండి జలపాతము మునిగిపోయినది. అడ్డు తొలగిన టేకులు ఎగువ నదిలోనికి ప్రాకి, మునుపెన్నడును వాటిని ఎఱుగని తీరములలో స్థిరపడినవి. స్నానమునకు దిగువారు, జాలరులు ఇసుకలో వాటిని త్రొక్కి గాయపడజొచ్చిరి. సింగపూరులోని ఒక మంచినీటి జలాశయమునకూడ మోటోరో టేకు స్థిరపడి పిల్లలు పెట్టుచున్నదని 2010లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అక్కడకు అది తనంతట ఈదుకొని పోలేదు.

అంతదూరము పోనక్కరలేదు. గాజు తొట్టి గోడలను శుభ్రము చేయునని తెచ్చిన సక్కరు చేప నేడు మన కృష్ణా, గోదావరి కాలువలలోను చెరువులలోను చేరి, వలలను చింపుచు, పెంపుడు చేపల మేతను తినివేయుచున్నది. ముళ్లపొలుసుల ఆ చేపను కొనువాడు లేడు. టేకు అట్టిదే యగునని మేము చెప్పజాలము గాని, మోకాలిలోతు నీటిలో బురదలో దాగియుండు విషపుముల్లు మన పశువుల కాపరులకు, నాట్లు వేయు స్త్రీలకు ఏమగునో ఊహింపవచ్చును. చెరువును వేలమువేయు పంచాయతి ఆ షరతులలోనే "విదేశీ అలంకరణ చేపలను చెరువున విడువరాదు" అని ఒక పంక్తి చేర్చుకొనుట మంచిది. పెంచలేనివాడు చేపను మఱొక పెంపకదారునకు ఇచ్చివేయుటయో, మత్స్యశాఖ అధికారికి తెలుపుటయో చేయవలెను.

తొట్టినుండి తీసివేసిన పాత ఇసుకకును ఈ నియమమే వర్తించును. అందు రోగబీజములు, నత్తగ్రుడ్లు ఉండవచ్చును గావున కాలువ గట్టున పారబోయక, వారము దినములు ఎండబెట్టి, కొబ్బరిచెట్ల పాదులలో వేసికొనవచ్చును.